పేరు పడేదాకా చల్లారని రాయి

రాళ్ల పరీక్షాఫీసులో పొద్దున్నే జరిగే మొదటి పని టీ. ఇంకా పేరు పెట్టని రాయేదో చూసి అటెండరు దానిమీద గిన్నె పెడతాడు. నిప్పులోంచి పుట్టిన రాళ్లాయె, సరైన పేరు పడేదాకా ఒళ్లు కాలుతూనే ఉంటుంది. ఎన్ని లక్షల ఏళ్లయినా అంతే. ఆ ఆఫీసులో స్టవ్ కొన్న పాపాన ఎవరూ పోలేదు.

పేర్లు పెట్టేది అక్క. ఆఫీసంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. రాయిలోంచి పలచని ముక్క కోసి, మైక్రోస్కోపు కింద ఏ ఖనిజం ఎంతుందో లెక్కపెడుతుంది. పలుకులు పెద్దవైతే భూమి లోపల తీరిగ్గా గడ్డకట్టినట్టు, సన్నవైతే పైకి తన్నుకొచ్చి గబగబా గడ్డకట్టినట్టు. అన్నీ తేలాక చేతికి తోలు తొడుగు వేసుకుని, రాయి మీద చెయ్యి పెట్టి పేరు చెబుతుంది. ఒప్పైతే రాయి చల్లారుతుంది. తప్పైతే కరుగుతుంది, చెప్పినవాళ్ల చెయ్యి దక్కదు. పాత ఆఫీసరు ఒక్క పొరపాటుకి మూడు వేళ్లు పోగొట్టుకున్నాడు.

ఆ రోజు క్వారీ యజమాని తలుపు తన్నుకుని వచ్చాడు. వెనక ఇద్దరు మనుషులు అక్క తమ్ముణ్ణి ఈడ్చుకొచ్చారు. తమ్ముడు ఆ క్వారీలోనే డ్రిల్లరు. "ఇది గ్రానైట్ కాదండీ" అని కొనేవాళ్లతో నోరు జారాడు. అందుకు వాడి ముందరి పళ్లు రాలగొట్టారు. ఒక కన్ను మూసుకుపోయింది.

"గ్రానైట్ అని చెప్పి కాగితం ఇవ్వు" అన్నాడు యజమాని, బల్లమీది నల్లరాయి చూపిస్తూ.

"గ్రానైట్‌లో అయిదో వంతైనా క్వార్ట్జ్ ఉండాలి. ఇందులో చిటికెడు లేదు. పలుకులు పెద్దవి, ఒళ్లంతా నలుపు. ఇది గాబ్రో."

"వాడి వేళ్లు విరవండ్రా!"

ఒకటి విరిచారు. టక్కుమంది. తమ్ముడు కేక పెట్టాడు. రెండోది పట్టుకోగానే అక్క తొడుగు వేసుకుని, చెయ్యి పోతే పోయిందనుకుని రాయి మీద పెట్టింది. "గ్రా... గ్రా..." అని అక్కడే ఆగిపోయింది.

"ఓసి నీ నసుగుడు తగలెయ్య! నలభై ఏళ్లుగా గ్రానైట్ అనే అమ్ముతున్నా, నాకేమైంది?" అంటూ యజమాని ఆమె చేతి తొడుగు లాక్కుని తగిలించుకున్నాడు. రాయిని అదిమిపట్టి "గ్రానైట్!" అని అరిచాడు.

రాయి ఎర్రబడి కరిగింది. అతని చెయ్యి మణికట్టు దాకా మునిగిపోయింది. గదంతా కాలిన తోలు, మాంసం వాసన.

"పేరు చెప్పవే! చచ్చిపోతున్నా!"

"ముందు మా తమ్ముణ్ణి వదలమను."

వదిలేశారు. అక్క తమ్ముణ్ణి పొదివిపట్టుకుంది. రాయి వైపు చూసింది కానీ పెదవి విప్పలేదు.

"గాబ్రో అన్నావుగా! గాబ్రో! గాబ్రో!" అని గావుకేకలు పెట్టాడు యజమాని. రాయి బుసకొట్టి మోచేతిదాకా పాకింది.

అప్పుడు వెళ్లి, దాని అంచుమీద ఉత్త చెయ్యి ఆనించి, "బసాల్ట్" అంది అక్క. అరచెయ్యి చుర్రుమంది. మరుక్షణం రాయి చల్లారి బిగుసుకుపోయింది, అతని చెయ్యి లోపలే ఉండగా.

ఆస్పత్రికి పోతూ దారిలో తమ్ముడు అడిగాడు. "గాబ్రోనే అన్నావు కదక్కా?"

"కరగకముందు గాబ్రోనే. అవే ఖనిజాలు కరిగి గాలి తగిలి చప్పున గడ్డకడితే పలుకులు ఎదగవు, బసాల్ట్ అవుతుంది."

తమ్ముడు ఆమె కాలిన అరచెయ్యి కేసి చూశాడు. "రెండోసారి కూడా తప్పే చెప్తాడని నీకు ముందే తెలుసా?"

"తెలుసు" అంది అక్క.