కంచె దగ్గర ఎండుగడ్డి

ఆ జింకను చంపింది మీరే. లోయ మొగదలలో ప్లాట్లు వేసిన కంపెనీవాళ్లూ, దానికి సరే అన్న కౌంటీ కమిషనర్లూ. చలికి చచ్చిందని పత్రికలో రాయించారు. అబద్ధం.

మా వయోమింగ్ లోయలో మ్యూల్ జింకలు నవంబరులో కొండ దిగి, ముసలామె వెర్నా బీడు దాటి, పొదల మైదానానికి పోతాయి. తల్లి నడిచిన దారే పిల్లకు దారి. అందుకే పశువులను ఇంటికి తోలగానే మేం కంచె తీగలు విప్పి నేలమీద పడుకోబెడతాం. ప్లాట్ల చుట్టూ మీరు వేసిన ఇనుప కంచె పడుకోదు. జింకల మెడలకు పట్టీలు కట్టి వాటి వలసను పరిశోధించే మారెన్ మీటింగులో మీకు ముందే చెప్పింది, అడ్డం పెడితే అక్కడే ఆగిపోతాయని. "చుట్టూ తిరిగి పోతాయిలే" అని నవ్వారు.

పోలేదు. మంచులో మీ కంచెను ఆనుకుని నిలబడ్డాయి. చెవి చిరిగిన తల్లి జింక కోసం వెర్నా ఏటా ఎదురుచూసేది. ఈసారి దాని వెంట రెండు పిల్లలు. ఆ ముసలామె మనసు ఆగక, ఆవుల ఎండుగడ్డి తెచ్చి కంచె దగ్గర వేసింది. పిల్లలు భయపడి దూరంగా నిలబడ్డాయి. తల్లి తిన్నది. వారానికి పడిపోయింది.

మారెన్ కత్తితో పొట్ట కోసింది. నిండా గడ్డే. అయినా ఆకలితోనే చచ్చిందంది.

"కడుపు నిండే ఉంది కదే పిల్లా. మరి ఆకలితో పోయిందంటావేంటి?" అంది వెర్నా.

"చలికాలంలో వీటికి పొదల రెమ్మలే అరుగుతాయండీ. గడ్డి అరగదు."

"అయితే నేనే చంపానా?"

"ఇక్కడ ఆపినవాళ్లండీ. మీరు కాదు."

"మా ఆయన నేను పెట్టింది తిని ఏదో ఒకటి గొణిగేవాడు," అంది వెర్నా. "ఇది గొణగను కూడా లేదు."

అప్పుడే వెళ్లి కట్టర్ తెచ్చి మీ కంచె కోశాను. ఒక పిల్ల దాటింది. రెండోది వెనక్కి తిరిగి తల్లి పక్కన పడుకుంది. మళ్లీ లేవలేదు. మర్నాడు మీరు కంచె అతికించి నామీద కేసు పెట్టారు. పెట్టుకోండి.

దాటిన పిల్ల మైదానంలో బతికే ఉంది, మారెన్ చూసింది. మంచు కరిగాక కొండెక్కడానికి అది మళ్లీ మీ కంచె దగ్గరికే వస్తుంది. తల్లి చూపిన దారి తప్ప దానికేం తెలియదు. వెర్నా ఇప్పుడు గడ్డి వెయ్యదు. కిటికీ దగ్గర కూర్చుని ఆ కంచె వైపే చూస్తోంది.

అది వచ్చేలోగా కంచె పీకెయ్యండి. ఆ దారిలో ఉన్న ప్లాట్లన్నీ రద్దు చెయ్యండి.