లేతకు తెలుపు, ముదిరితే నలుపు

తనకు ఫలానా విషయం తెలియదని మెర్ల్ లండీన్ ఒప్పుకోగా హాల్వర్ ఊళ్లో విన్నవాళ్లు లేరు. ముప్పై ఎనిమిదేళ్లు ఒక విత్తనాల కంపెనీ తరఫున దక్షిణ మిన్నెసోటా అంతా తిరిగి రైతులకు సంచులు అంటగట్టాడు. రిటైరయ్యేటప్పుడు కంపెనీవాళ్లు ఇచ్చిన ఆకుపచ్చ టోపీ ఆ తర్వాత తలమీంచి దిగలేదు. చర్చిలో ప్రార్థన మొదలైనప్పుడు మాత్రం తీసి మోకాలిమీద పెట్టుకునేవాడు. అదీ కంపెనీ గుర్తు పక్కవాళ్లకు కనిపించేలా.

కంచెకు ఇవతల ఇడెల్లా రాస్మసెన్ ఇల్లు. బడి వంటగదిలో ముప్పై ఒక్కేళ్లు గరిట తిప్పిన మనిషి. ఆమెకు లోకంలో నచ్చినవి వేళ్లమీద లెక్కపెట్టచ్చు. మేయరు నచ్చడు. చర్చిలో ఇచ్చే కాఫీ నచ్చదు. ఊళ్లో సగంమంది మొక్కజొన్న డబ్బాల ఫ్యాక్టరీ మీద బతుకుతున్నా సరే, ఆ డబ్బాలో సరుకంటే ఆమెకు ఒళ్లు మంట. పోయిన అత్తగారు బెర్గిట్ కూడా నచ్చేది కాదు. కోడలు వండిన ఏ వంటనీ ఆవిడ ఒక్కనాడు బాగుందన్న పాపాన పోలేదు. ఆఖరి రోజుల్లో ఒక కాఫీ డబ్బా చేతిలో పెట్టి, "దీన్నైనా పాడుచెయ్యకు" అంది. డబ్బా నిండా నల్లటి మొక్కజొన్న గింజలు.

ఆ మాటకు పుట్టిన కోపంతోనే ఇడెల్లా వాటిని విత్తింది. ఆ కోపం పందొమ్మిదేళ్లుగా తరగలేదు. భర్త ఆర్విడ్ చనిపోయిన ఏడాది కూడా పెరట్లో ఎనిమిది వరసలు వెయ్యడం మానలేదు.

ఆ మొక్కజొన్న తీరే వేరు. పాలుపట్టిన కండె ఒలిస్తే గింజలు తెల్లగా, ముత్యాల్లా ఉంటాయి. అప్పుడే కోసి, అప్పుడే ఉడకబెట్టి తినాలి. రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు. ఆ తర్వాత గింజ అడుగునుంచి నీలంరంగు పాకి, ఎండేసరికి బొగ్గులా నల్లబడుతుంది. ఆ మూడు రోజుల్లో తిన్నవాళ్లకు దాని తీపి తెలుసు. చక్కెరనీళ్లలా నోట్లో కారిపోయే తీపి కాదది, నమిలినకొద్దీ వచ్చేది. తప్పినవాళ్లకు తెలిసింది నలుపొక్కటే. మెర్ల్ తప్పినవాళ్లలో మొదటివాడు.

"ఏమమ్మా ఇడెల్లా, ఈ ఏడు కూడా బూజుపట్టిన కండెలేనా?" అని ప్రతి వేసవిలోనూ కంచెమీద మోచేతులాన్చి అడిగేవాడు.

"బూజు నీ టోపీకి పట్టింది మెర్ల్. ఉతుక్కో" అనేది ఆమె, తలెత్తకుండానే.

ఆ ఏడాది మే నెలలో మెర్ల్ ఏదో కొత్త సంకరరకం తెప్పించాడు. మామూలు తీపి మొక్కజొన్నకి మూడింతలు తీపి అట, కోశాక వారం రోజులున్నా తీపి తగ్గదట. ఆ విత్తనం గులాబీరంగు మందుపూతతో పెళ్లి మిఠాయిలా ఉంది. సరిగ్గా కంచె పక్కన, ఆమె వరసలకు పది అడుగుల దూరంలో దున్నిపెట్టుకున్నాడు. అది చూసి ఇడెల్లా పార కింద పెట్టి మొదటిసారి తనంతట తాను కంచె దగ్గరికి నడిచింది. పక్కనే రొసౌరా ఉంది. వెనకసందులో ఉండే ఆ మనిషి డబ్బాల ఫ్యాక్టరీలో కండెల నాణ్యత చూసే గదిలో పనిచేస్తుంది. ఆ రోజు నిచ్చెన అడిగి తీసుకెళ్లడానికి వచ్చింది.

"మెర్ల్, నేను నిన్ననే విత్తాను. నువ్వు రెండు వారాలాగి వెయ్యి. రెండూ ఒకేసారి పూతకొస్తే పుప్పొడి కలుస్తుంది. నీ రకం, నా రకం కలిస్తే తీపి పోయి రెండువైపులా పిండిగింజలే మిగుల్తాయి."

మెర్ల్ నవ్వాడు. నవ్వుతూ టోపీ సర్దుకున్నాడు. "ముప్పై ఎనిమిదేళ్లు విత్తనాలమ్మినవాడికి బడిపిల్లలకి బంగాళదుంపలు మెదిపినావిడ పాఠం చెప్తోంది. విన్నావా రొసౌరా?"

"విన్నాను. ఆవిడ చెప్పింది నిజమే. మా ఫ్యాక్టరీ పొలాల్లో ఆ రెండు రకాల మధ్య ఫర్లాంగు దూరం వదుల్తారు."

"ఫ్యాక్టరీ సంగతి ఫ్యాక్టరీది. ఇది పెరడు. పెరట్లో గాలి ఎంత వీస్తుందమ్మా?"

హాల్వర్‌లో గాలి ఎంత వీస్తుందో ఆరేసిన దుప్పట్లు పక్కవీధిలో ఏరుకున్న ఆడవాళ్లందరికీ తెలుసు. ఇడెల్లా చెప్పాల్సింది చెప్పేసింది. వినకపోతే అతని ఖర్మ అనుకుని వెనక్కి తిరిగింది. మధ్యాహ్నానికల్లా మెర్ల్ తాడు పట్టి, కొలబద్ద పెట్టి, తిన్నగా పన్నెండు వరసలు విత్తేశాడు.

జులై చివరికి రెండు తోటలూ ఒకే వారంలో పూతకొచ్చాయి. ఇడెల్లా మాత్రం చేతులు కట్టుకు కూర్చోలేదు. పీచు బయటికి రాకముందే పధ్నాలుగు లేతకండెలకు కాగితపు సంచులు తొడిగింది. పొద్దున్నే మంచు ఆరాక తన మొక్కల తలమీది పూలవెన్నులు సంచిలోకి వంచి దులిపి, ఆ పుప్పొడిని పీచుమీద చల్లి, మళ్లీ సంచి కట్టింది. వచ్చే ఏడాదికి విత్తనం దక్కాలంటే అదొక్కటే దారి. మిగతా కండెలకు సంచులు వెయ్యడం ఎవరితరం? వాటిని గాలికి వదిలేసింది. తన ఎనిమిది వరసల్లో ఈ ఏడు తినడానికి ఒక్క కండె మిగలదని తెలిసి, ఒళ్లు మండుతూనే వదిలేసింది.

కంచె అవతలినుంచి మెర్ల్ తన స్నేహితులకు ఆమెను చూపించాడు. "అటు చూడండి. మొక్కజొన్నకి గొడుగులు పడుతోంది."

ఆగస్టు మూడో శనివారం మెర్ల్ పెరట్లో కండెల విందు పెట్టాడు. బల్లలు వేసి, గళ్ల గుడ్డలు పరిచి, నీళ్లు కాచే పెద్ద గంగాళం చర్చినుంచి తెచ్చాడు. నలభైమంది వచ్చారు. వెన్న దిమ్మల్ని పళ్లెంలో నిలబెట్టి, కండెలు దానిమీద దొర్లించుకోమన్నాడు. తినేముందు పావుగంట ఉపన్యాసమిచ్చాడు. ఇడెల్లా తన వెనకమెట్లమీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తూ అంతా విన్నది. ఆమెను పిలవలేదు. పిలిచినా వెళ్లేది కాదు.

ఉపన్యాసం అయ్యాక మాటలు ఆగిపోయాయి. నలభైమంది కండె కొరుకుతున్నప్పుడు రావాల్సిన చప్పుడు రాలేదు. ఎవరో దగ్గారు. పాస్టరు భార్య నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుంది. పాస్టరు ఒక్కడే మర్యాదకి నములుతూ పోయాడు, నమిలినకొద్దీ ముఖం ఎర్రబడింది.

"ఇంకాస్త ఉడకాలేమో మెర్ల్" అన్నాడు చివరికి.

ఇంకో అరగంట ఉడికించారు. గంగాళంలో నీళ్లు చిక్కబడ్డాయి గాని గింజ మెత్తబడలేదు. మెర్ల్ అప్పుడు గాని కండెను పరీక్షగా చూడలేదు. పసుపుపచ్చని గింజల మధ్య అక్కడక్కడ, చొక్కామీద సిరా చిందినట్టు, నీలంమచ్చలు. అతను కండె పట్టుకుని తిన్నగా కంచె దగ్గరికి వచ్చాడు.

"చూడు, నీ పాడు మొక్కజొన్న నా తోటనేం చేసిందో చూడు!"

ఇడెల్లా చిక్కుళ్ల గిన్నె పక్కన పెట్టింది. "గాలి వీచదన్నావుగా."

"ఈ సంగతి పురసభలో తేల్చుకుంటాను!"

"తేల్చుకో. ఆ టోపీ మాత్రం మర్చిపోకు. అది లేకపోతే నువ్వెవరో వాళ్లు గుర్తుపట్టరు."

ఊరికంతటికీ వినపడింది. ఇడెల్లాకు హాయిగా ఉండాల్సింది. ఉంది కూడా. కానీ ఆ సాయంత్రమే తన వరసల్లోంచి ఒక కండె ఒలిచి కొరికితే అదీ రాయిలాగే ఉంది. పందొమ్మిదేళ్లలో బెర్గిట్ మొక్కజొన్న తినకుండా గడిచిన వేసవి ఇదొక్కటే. ఉమ్మేసి, చాలాసేపు అక్కడే నిలబడింది.

మెర్ల్ అన్నంత పనీ చేశాడు. ఊరి పురసభ సమావేశంలో అప్పటిదాకా నడిచింది వీధికుక్కల చర్చ. దాన్ని ఆపించి, సంచెడు కండెలు బల్లమీద గుమ్మరించాడు. ఇడెల్లా తోట ఇరుగుపొరుగులకు హానికరమని ప్రకటించాలట, వచ్చే ఏడాదినుంచి ఆ నల్లరకం ఊరి హద్దుల్లో వెయ్యకుండా నిషేధించాలట. మేయరు ఒక కండె తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. జీవితంలో దుకాణంలో తప్ప ఎక్కడా మొక్కజొన్న ఎరగడు.

"ఇది అంటువ్యాధా?" అన్నాడు.

ఇడెల్లా లేచింది. "అంటువ్యాధి కాదు, అక్షరం రానితనం. మే నెలలో రెండువారాలాగమని సాక్షి ముందు చెప్పాను. నా పంటా పోయింది. నేనొచ్చి మీ బల్లమీద చెత్త పొయ్యలేదే?"

"సాక్షెవరు?"

"నేనే" అంది రొసౌరా వెనకవరసలోంచి. "ఇంకోమాట. ఈ కండెలు పాడయ్యాయని ఎవరన్నారు?"

అందరూ వెనక్కి తిరిగారు. రొసౌరా ముందుకొచ్చి బల్లమీంచి ఒక కండె తీసుకుని గోటితో గింజ నొక్కింది.

"మీరంతా మొక్కజొన్నని పాలు తాగే వయసులోనే తినేస్తారు. పళ్లు రానివాళ్ల తిండి అది. ఇది చూడండి, ఇన్నాళ్లకి పెద్దదవుతోంది. దీన్ని మొక్కమీదే ఎండనిచ్చి నాకివ్వండి. రెండు తోటలవీ."

సభలో నవ్వులు. మేయరు సంతోషంగా సుత్తి కొట్టి, ఇది ఇరుగుపొరుగులు తమలో తాము తేల్చుకోవాల్సిన విషయమని తీర్మానించి, మళ్లీ కుక్కల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ కుక్కల సంగతీ ఆ రోజు తేలలేదు.

"పశువుల దాణా. తీసుకుపో, నాకెందుకు" అన్నాడు మెర్ల్, బయట మెట్లమీద రొసౌరాతో.

అక్టోబరుకి రెండు తోటలూ ఎండి గలగలమన్నాయి. ఇడెల్లా, రొసౌరా కలిసి కండెలు విరిచారు. ఇడెల్లా సంచులు తొడిగిన పధ్నాలుగూ నిగనిగలాడే నలుపు, ఒక్క పసుపు గింజ లేదు. వాటిని వేరుగా తన కొట్లో వేలాడదీసింది. మిగతావి పసుపు, నీలం, తెలుపు కలిసిన చిత్రమైన కండెలు. రొసౌరా వాటిని ఒలిచి, సున్నపునీళ్లలో పొట్టు ఊడేదాకా ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే కడిగి రుబ్బింది. బూడిదరంగు పిండి.

"ఈ రంగు చూస్తేనే ఆకలి చచ్చిపోతోంది" అంది ఇడెల్లా, రొసౌరా వంటగదిలో నిలబడి.

"ఇడెల్లమ్మా, మీరు బడిలో పెట్టిన తిండి మా అమ్మాయి నాకు వర్ణించి చెప్పింది. రంగుల గురించి మీరు మాట్లాడకండి."

ఇడెల్లాను అంత మాట అన్నవాళ్లు బెర్గిట్ తర్వాత లేరు. రొసౌరా పిండి ముద్దలు చేసి, రెండు అరచేతుల మధ్య తట్టి, పెనంమీద వేసింది. రొట్టె పొంగగానే తిరగేసింది. కాస్త ఉప్పు, చిక్కుడుగింజల ముద్ద పెట్టి చేతికిచ్చింది. ఇడెల్లా వంకలు వెతుకుతూ మొదటి తుంపు నమిలింది. మట్టివాసన, వేపుడు వాసన, వాటి వెనక ఎక్కడో సన్నగా ఆ పాత తీపి. వంక దొరకలేదు. రెండో రొట్టె అడక్కుండానే తీసుకుంది.

ఆ వాసనకు మెర్ల్ సందులోంచి వచ్చాడు. నిచ్చెన కావాలన్నాడు. అతని ఇంట్లో రెండు నిచ్చెనలున్నాయని అందరికీ తెలుసు. రొసౌరా ఒక రొట్టె అందించింది. నిలబడే నాలుగు తిన్నాడు.

"ఉప్పు చాల్లేదు" అన్నాడు. అయిదోది తీసుకున్నాడు.

"నీ విత్తనమే కదా మెర్ల్, మూడింతల తీపి" అంది ఇడెల్లా.

చలికాలం గడిచింది. మార్చిలో ఊరి గ్రంథాలయం గుమ్మానికి ఒక కాగితం అంటించారు: "పెరటి మొక్కజొన్న - విడతలుగా విత్తడం, ఒక అనుభవజ్ఞుడి మాటల్లో. వక్త: మెర్ల్ లండీన్." ఇడెల్లా వెళ్లి ముందువరసలో కూర్చుంది. రెండు రకాల మధ్య రెండు వారాల ఎడం ఎందుకుండాలో మెర్ల్ బొమ్మలతో సహా ముప్పావుగంట వివరించాడు. ఇది తాను "స్వయంగా పరిశోధించి" కనుక్కున్నాడట. ఒకావిడ ఏదో రాసుకుంది. మెర్ల్ కళ్లు ఒక్కసారి కూడా ముందువరసవైపు రాలేదు.

ఇడెల్లా లేచి చెప్పచ్చు. చెప్పడానికే వచ్చింది. కానీ టోపీ కింద ఆ చెవులు ఎర్రగా కందిపోయి ఉండటం చూసి, ఈ మనిషిని ఇంతకంటే చిన్నబుచ్చడానికి మాటలు వేస్ట్ అనుకుంది. గ్రంథాలయం వాళ్లిచ్చిన బిస్కెట్టు తిన్నది, బాగాలేదు.

మే పదో తారీఖున మెర్ల్ కంచె దగ్గరికొచ్చాడు. చేతిలో గులాబీరంగు విత్తనం పొట్లం.

"ఎప్పుడు విత్తుతున్నావు?" అన్నాడు, ఎటో చూస్తూ.

"ఇవాళ."

"అయితే నేను ఇరవై నాలుగున వేస్తాను."

"వెయ్యి. కాని కంచె పక్కన రెండు వరసలు మాత్రం ఇవాళే విత్తు, నా ఈ చివరి రెండిటికీ ఎదురుగా."

మెర్ల్ ఆమెను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. "కలిసిపోతాయే! గింజ పాడైపోతుందే!"

"అవును. రొసౌరాకి అదే కావాలి. పాడుచెయ్యడంలో నీ అంత అనుభవం ఊళ్లో ఎవరికీ లేదు."

అతను గొణుక్కుంటూ ఇంట్లోకి వెళ్లి, తాడూ కొలబద్దా పట్టుకుని వచ్చాడు.

"నీ వరసలు వంకరగా ఉన్నాయి" అన్నాడు.

"నీ కొలబద్ద వంకర" అంది ఇడెల్లా, గింజలు మట్టిలోకి జారవిడుస్తూ.