విజిల్ తీసిన కుక్కర్

ఈస్టు లేకుండా రొట్టె పొంగుతుందని నమ్మే మనిషితో ముప్పై రెండేళ్లు ఎలా కాపురం చేశానా అని ఆ మధ్యాహ్నం ఆదిబాబు కొత్తగా ఆశ్చర్యపోయాడు. హిందీ మాట్లాడే ఆ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, భాలుబాసా పేటలోని ఆ రెండు గదుల ఇంట్లో వంటింటికి తలుపు లేదు. కుర్చీలో కూర్చుంటే అంతా కనిపిస్తుంది. చూడకూడదనుకుంటూనే చూస్తున్నాడు.

నూకాలమ్మ గోధుమపిండిలో తినేసోడా, ఉప్పు కలిపి, పుల్ల పెరుగు పోసి, నాలుగు పిసుకులు పిసికి వదిలేసింది. ఎక్కువ పిసికితే గట్టిపడుతుందట. పెరుగు తగిలాక ఆలస్యం చేస్తే సోడా చచ్చిపోతుందట. అంతా ఫోనులో చూసి నేర్చిన చదువు. కిందటి నెల చేసిన మొదటి రొట్టెని ఆదిబాబు పక్కింటి గణపతిరావుకి తీసుకెళ్లి చూపించాడు. ఫర్నేసు గోడకి పెట్టే ఇటుకలు మా ఇంట్లోనే తయారవుతున్నాయన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె మాత్రం ఆ ఇటుకని ముక్కలు చేసి, పాలలో నానబెట్టుకుని మూడు రోజులు తింది. అది అతనికి మరీ రోతగా తోచింది. ఓడిపోయిన మనిషి ఏడవాలి గాని, నానబెట్టుకుని తినడమేమిటి?

ఇవాళ్టి సంగతి వేరు. అయిదింటికి మహిళా సమితి నుంచి తనుశ్రీ వచ్చి రుచి చూస్తుంది. నచ్చితే ప్రతి శనివారం సమితి హాల్లో పదిమంది ఆడవాళ్లకి నూకాలమ్మ ఈ రొట్టె నేర్పాలి. టెన్త్ తప్పిన నూకాలమ్మ, కూరగాయలవాడితో హిందీ మాట్లాడడానికే నీళ్లు నమిలే నూకాలమ్మ! రెండు వారాలుగా ఆమె పిండి జల్లిస్తూ, ఎదురుగా మనుషులున్నట్టు "పహ్‌లే ఆటా ఛాన్ లీజియే" అని, ముందు పిండి జల్లించుకోండని, సాధన చేస్తోంది. ఆ 'లీజియే' లోని మర్యాద అతనికి పంటికింద రాయిలా తగిలేది.

ఇంట్లో ఓవెన్ లేదు. ఆమె కుక్కర్ అడుగున ఉప్పు పరిచి వేడెక్కించి, పిండి గిన్నెని అందులో దించింది. మూతకున్న రబ్బరు తీసేసింది, విజిల్ తీసేసింది. మూత వదులుగా పెట్టి మంట తగ్గించింది. ముప్పావుగంట ముట్టుకోవద్దని అతనికి చెప్పి స్నానానికి వెళ్లింది.

కాసేపటికి వాసన వచ్చింది. బాగుంది. ఆ బాగుండడమే అతన్ని కుర్చీలోంచి లేపింది. గుడ్డతో మూత ఎత్తి చూస్తే, రొట్టె మీద ఆమె కత్తితో పెట్టిన గాటు అప్పుడే విచ్చుకుంటోంది.

ముప్పై ఏళ్లు బాయిలర్ దగ్గర పనిచేసినవాడు. బిగించని మూత సందులోంచి ఆవిరి పోతుందని, ఆ కుక్కర్ పేలదని అతనికి తెలియనిది కాదు. అయినా మూతకి రబ్బరు తొడిగాడు, బిగించాడు, విజిల్ పెట్టాడు. సేఫ్టీ, అనుకున్నాడు. ఆ సాకు మనసుకి సరిపోలేదు. మరోసారి అనుకున్నాడు.

పావుగంట దాటాక కుక్కర్ కూత పెట్టింది.

నూకాలమ్మ తడిజుట్టుతో వచ్చింది. స్టవ్ ఆపి, ఆవిరి పోనిచ్చి, మూత తీసింది. రొట్టె పాలిపోయి, నీళ్లు కారుతూ, ఆవిరి కుడుములా జిగటగా ఉంది. మూత తిరగేసి రబ్బరు చూసింది. ఆదిబాబు సిద్ధంగా ఉన్నాడు. ఆమె అరిస్తే అనవలసిన మాటలు రెండు వారాలుగా నోట్లో ఊరుతున్నాయి.

"ఏటండీ, భయమేసిందా?" అంది మెల్లగా.

అతను ఆమె చేతిలోని మూతకేసి చూశాడు.

"విజిల్ లేకపోతే పేలిపోద్దనుకున్నారా? సెప్పి ఎల్లాల్సింది నాను. మూత ఒదులుగా ఉంటే ఆవిరి బయటికెల్లిపోద్దండి. ఏటీ అవదు."

ఆవిరి గురించి, తనకి! ఆమె గొంతులో వెటకారం కోసం వెతికాడు. లేదు. ఉత్త జాలి ఉంది.

అయిదు కాకముందే తనుశ్రీ వచ్చింది. నూకాలమ్మ ఏమీ దాచలేదు. చెడిన రొట్టె చూపించి, తడబడకుండా హిందీలో చెప్పింది: "సీటీ నహీ థీ నా, తో యే డర్ గయే."

విజిల్ లేదని ఈయన భయపడ్డారట. తనుశ్రీ నవ్వలేదు. ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడ్డవాళ్లు చూసినట్టు అతన్ని చూసింది. వాళ్ల నాన్నకి కూడా ఇలాగేనట, గ్యాస్ వెలిగించాలంటే చేతులు వణుకుతాయట. మరోటి చేస్తే కూర్చుంటాను దీదీ, తొందర లేదంది.

నాకు భయం లేదు, కావాలనే చెడగొట్టాను. ఈ రెండు ముక్కలూ అనేస్తే చాలు, మగతనం దక్కుతుంది. ఆదిబాబు నోరు తెరిచాడు. రెండో ముక్క అనకుండా మొదటిది నమ్మేవాళ్లు లేరని తెలిసి, మూసుకున్నాడు.

నూకాలమ్మ మళ్లీ పిండి కలిపి, గిన్నె దించి, ఉత్త మూత పెట్టింది.

"మీకు కంగారనిపిత్తే బయట అరుగుమీద కూకోండి. అయ్యాక పిలుత్తాను."

బయటికి వెళితే భయపడ్డట్టు. ఉంటే అది పొంగడం చూడాలి. అతను ఉన్నాడు. తనుశ్రీ ధైర్యం చెబుతున్నట్టుగా తన కుర్చీని అతని పక్కకి జరుపుకుంది.