ఆడపడుచు తెచ్చిన మందు

మూడో విడత మందు ఎక్కించిన పది రోజులకు డ్రైవింగ్ మాస్టారు స్నానాల గదిలో కుప్పకూలాడు. తల పగిలిపోతోందని అరిచాడు. ఎదురుగా ఉన్న అద్దం కనపడటం లేదన్నాడు.

ముప్పై ఏళ్లు ఊరందరికీ స్టీరింగ్ పట్టడం నేర్పిన మనిషి. రెండేళ్ల కిందట మతిమరుపు జబ్బు పట్టుకుంది. ఒకరోజు ఎర్రదీపం దగ్గర శిష్యురాలిని "పో, పో" అన్నాడు. ఆ రోజుతో స్కూలు మూతపడింది.

ఈ మందు సంగతి మోసుకొచ్చింది ఆయన చెల్లెలు. మెదడులోని రక్షణ కణాల మీద పరిశోధన ఆమె ఉద్యోగం. వంటింట్లో కూర్చుని వదినకు నచ్చజెప్పింది. "మెదడులో పేరుకునే చెత్తను ఊడ్చే కణాలుంటాయి వదినా. అన్నయ్యకు అవి చేతులెత్తేశాయి. ఈ మందు చెత్తకు గుర్తు పెడుతుంది. అప్పుడవి లేచి పని మొదలెడతాయి."

ఇప్పుడు ఆస్పత్రి వరండాలో స్కాన్ రిపోర్టు పట్టుకుని అదే చెల్లెలు వదినతో, "మెదడు వాచింది. మందు ఆపితే చాలామందికి తగ్గిపోతుంది" అంది.

"లేచాయిగా నీ కణాలు! ఊడ్చమంటే ఇల్లు కూల్చాయి."

"వాపు రావచ్చని కాగితంలో ఉంది. మీరే సంతకం పెట్టారు."

"కాగితంలో ఉంది. నీ నోట్లో లేదు."

చెల్లెలు గొంతు తగ్గించింది. "అన్నయ్యకు ఆ ముప్పు మిగతావాళ్ల కన్నా ఎక్కువని జన్యుపరీక్షలో తేలింది. అన్నయ్యకు చెప్పాను. మీకు చెప్పొద్దన్నాడు, ఒప్పుకోరని."

"మతిలేని మనిషి మాట పట్టుకుని నా దగ్గర దాస్తావా?"

"అప్పటికి బాగానే ఉన్నాడు."

"బాగుంటే నా పేరు నాలుగుసార్లు అడిగేవాడా? నీకు అన్నయ్య కాదే, ఫలితం కావాలి. గోతికాడ నక్కలా కాచుకున్నావు."

ఆ మాటకు చెల్లెలికి ఒళ్లు మండింది. "రెండేళ్లుగా మీరేం చేశారు? కారు తాళాలు దాచి తిట్టడం తప్ప?"

వదిన రిపోర్టు లాక్కుంది. "ఇక మా గడప తొక్కకు."

రెండు నెలలకు వాపు తగ్గింది. చూపు తిరిగొచ్చింది. మతి మాత్రం మందుకు ముందున్నంత కూడా మిగల్లేదు.

ఒక సాయంత్రం భార్య అన్నం తినిపిస్తూ ఉండబట్టలేక అడిగింది. "ముప్పుందని మీకు తెలుసటగా. నాకెందుకు చెప్పలేదండీ?"

ఆయన బెదురుగా చూశాడు. "ఏం చెప్పాలి? చెప్పు, చెప్పేస్తాను."

ఆమె గిన్నె ఠక్కున బల్లమీద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ కోపాన్ని ఆయన మీద చూపించే దారి లేదు. మర్నాడు ఆడపడుచు ఫోన్ చేస్తే, హలో అనకుండానే కట్ చేసేసింది.