ఎర్ర అతుకు

నెంచా బూడిదనీళ్ళలో నానిన తెల్ల అంగీని తీసి బండమీద వేసింది. మఠంలో సన్యాసుల బట్టలన్నీ ఉతికి ఉతికి ఆమె వేళ్ళు వంకరపోయాయి. ఈ అంగీ చెరలో ఉన్న సన్యాసి ఫ్రా ఉబాల్దోది.

"ఇంకా దేనికే ఉతకడం? సాయంత్రం ఆయన్ని ఉరితీసి కాల్చడానికి కూడలిలో కట్టెలు పేరుస్తున్నారుగా," అంది పక్కబండ దగ్గర పిప్పా. పోయినేడు ఇదే పిప్పా ఆయన ప్రసంగం విని వెక్కివెక్కి ఏడ్చింది. అప్పట్లో ఊళ్ళో ఆయన మాటే శాసనం. దొరలు పారిపోయారు, జూదశాలలు మూతపడ్డాయి. సోకు సరుకంతా తెచ్చి అదే కూడలిలో మంటలో వేయమంటే జనం వేశారు. తర్వాత ఆయన పోపుగారినే తప్పుపట్టాడు. పోపుగారు వెలివేశారు. మొక్కిన ఊరే రాళ్ళు పట్టుకుంది.

నెంచా కూడా మంటలో వేసింది. పెళ్ళినాడు మొగుడు మేయో పెట్టిన ఎర్ర పట్టుచేతులు, రవికెకి విడిగా నాడాలతో కట్టుకునేవి. మేయో ప్లేగులో పోయాక ఆమెకి మిగిలిన సొత్తు అదొక్కటే. వేసే ముందు మాత్రం జానెడు ముక్క కత్తిరించి దాచుకుంది. ఇంట్లో ఉంచుకోవాలంటే భయం. చివరికి ఉతకడానికొచ్చిన ఉబాల్దో చిరిగిన అంగీకే, గుండె దగ్గర లోపలివైపు అతుకు వేసింది. అక్కడైతే పాపం అంటదనుకుంది, పిచ్చిది. ఆయన ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఆ మాట పెదాల దాకా వచ్చి ఆగిపోయేది. ఆయన క్షమిస్తే చాలు. ఇవాళ అడక్కపోతే ఇక అడగడానికి ఆయనే ఉండడు.

మధ్యాహ్నం ఆరిన అంగీ పట్టుకుని చెరసాలకి వెళ్ళింది. చాకలిదే కదా అని కాపలావాడు వదిలాడు. తాడుకి వేలాడదీసి హింసించారేమో, ఆయన చేతులు పైకి లేవడం లేదు. ఆమే తొడిగింది. అతుకు దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"తండ్రీ, ఒక తప్పు చేశాను."

"ఆ ఎర్ర గుడ్డేగా? మొదటి చెమటకే రంగు దిగిందమ్మా. ఒళ్ళంతా ఎర్రబడింది."

నెంచాకి సిగ్గేసింది. చచ్చినా దిగని రంగని మేయో ఒట్టేసి మరీ ఇచ్చాడు. "మరి పీకి పారేయలేదేం?"

"మా అమ్మకీ ఉండేవి, అలాంటి పట్టుచేతులు," అన్నాడు ఆయన. "మిగతాది కాల్పించినందుకు నువ్వే నన్ను క్షమించు."

ఆమె తలూపింది.

సాయంత్రం ఆమె కూడలికి వెళ్ళలేదు. పొగ చాకిరేవు మీదుగా సాగింది. సన్యాసి దుస్తుల్లో ఉన్నవాణ్ణి ఉరితీయకూడదట, ముందే వాటిని విప్పేశారు. చీకటిపడుతుండగా కాపలావాడు వచ్చి, మఠం సొత్తు, ఉతికి ఇచ్చెయ్యమని అంగీని ఆమె గంపలో పడేశాడు.

నెంచా దాన్ని తడపలేదు. లోపలివైపు పైకి తిప్పి దండెం మీద వేసింది. గుండె దగ్గర జానెడు ఎర్ర గుడ్డ, వెలిసినా ఇంకా కొంచెం రంగుంది.