తెల్లాకు

ఐలన్నతో కాపురం అంత తేలిక కాదు. కావాలంటే ముప్పై ఏళ్లుగా చేస్తున్న ఆదిలక్ష్మిని అడగండి. పెళ్లాం కట్టిన చీర ఏ రంగో చెప్పలేడు గానీ, తీగ ఏ కణుపు దగ్గర తెల్లబడిందో కళ్లు మూసుకుని చెప్తాడు. ఆ పొద్దున కూడా, పచ్చ వల పందిరి కింద ఆమె నీళ్లు చిలకరిస్తుంటే, అతను ఒక్కో కుండీ మీదికే వంగి చూస్తున్నాడు.

ఇస్నాపూర్ దాటాక ఉన్న ఆ నర్సరీ రాజారావుది. అందులో అరవై కుండీల వరుస పేరు 'నిషిత'. మనీప్లాంట్‌లో కొత్త రకం. అరచేయంత ఆకు, పాలతెలుపు, అక్కడక్కడ ఆవగింజంత పచ్చచుక్కలు. తీగ కుండీ అంచు దాటి రెండు మూరలు కిందికి జారుతుంది. ఎనిమిదేళ్ల కిందట మామూలు తీగలో అలాంటి ఒక్క కొమ్మను గుర్తుపట్టి, కోసి, నాటి, ఇన్ని కుండీలు చేసింది ఐలన్న. రాజారావు మాత్రం మనవరాలి పేరు పెట్టాడు. ఐలన్న అని పెడితే ఎవరు కొంటారు మరి!

నర్సరీకి రాకముందు ఐలన్న గడ్డపోతారం ఫ్యాక్టరీల్లో రసాయనాల డ్రమ్ములు మోశాడు. సగం ఊపిరితో బయటపడ్డాడు. మిగిలిన సగం ఈ పందిరి కింద గడుస్తోంది.

మూడు వారాల కిందట సుల్తాన్‌పూర్ ఆఫీసు ఒకటి ఆ అరవై కుండీలూ కావాలంది.

"గా పచ్చకొమ్మలేంది ఐలన్నా? ఆఫీసుల తెల్లగ మెరవాలె. అన్నీ తీసెయ్" అన్నాడు రాజారావు.

"తెల్లాకుకు తినుడే తెలుసు సారూ, వండుడు రాదు. కుండీకొక్క పచ్చకొమ్మన్న ఉండాలె."

"రేపటికి తియ్యకుంటే నీ జాగల ఇంకొకడుంటడు."

ఐలన్న తీయలేదు. ఆదిలక్ష్మికి మాత్రం డ్రమ్ములే కళ్లముందు కనబడ్డాయి. మధ్యాహ్నం అతను కునుకు తీస్తుండగా, కత్తెర పట్టుకుని పచ్చకొమ్మలన్నీ తనే కోసేసింది. సాయంత్రం రాజారావు ఐలన్న భుజం తట్టి మెచ్చుకున్నాడు. ఐలన్న కత్తెర తుడిచి గూట్లో పెట్టాడు.

ఇప్పుడు అరవై కుండీల్లోనూ ఆకుల అంచులు కాలిన కాగితాల్లా గోధుమరంగుకు తిరిగాయి. ముట్టుకుంటే రాలుతున్నాయి.

రాజారావు వచ్చి చూశాడు. "ఏం చేసినవ్‌రా?"

ఐలన్న ఒక కొమ్మను వేళ్ల మధ్య తిప్పాడు. కోతలన్నీ ఎడమకు వాలి ఉన్నాయి. ఆదిలక్ష్మిది ఎడమచేతి వాటం.

"పచ్చకొమ్మలు కోసిన సారూ. మీరన్నట్టే."

"నేనంటే కోస్తవా? పదేండ్ల సంది చేస్తున్నవ్, నీకు తెల్వదా? రేపటి సంది రాకు."

ఆదిలక్ష్మి నోరు తెరిచింది. ఐలన్న ఆమె వైపు ఒక్క చూపు చూశాడు. నోరు మూసుకుంది.

అతను కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, తన తువాలుతో తుడుచుకుని, దాన్ని గుంజకు వేశాడు. "నువ్వుండు. ఇద్దరం పోతే కిరాయెట్ల? డ్రమ్ముల కాడ మనుషులు గావాలన్నరట. పోయి అడిగొస్త."

"డ్రమ్ముల కాడికా? నీకు మెట్లెక్కితెనే ఆయాసం గదయ్యా!"

"ఆడ మెట్లుండయిలే" అని నవ్వబోయి దగ్గాడు.

రోడ్డు మీద షేర్ ఆటో ఆగింది. లోపల జాగా లేదు. డ్రైవర్ పక్కన సగం కూర్చుని, సగం బయటికి వేలాడుతూ వెళ్లిపోయాడు. ఆటో లారీల వెనక కనుమరుగయ్యేదాకా ఆమె చిలకరించే డబ్బా పట్టుకునే నిలబడింది. డబ్బాలో నీళ్లు ఎప్పుడో అయిపోయాయి.

తర్వాత రాజారావు ఎదుటికి నడిచింది.

"సారూ, ఆయన కొయ్యలే. ఆయన వద్దనే అన్నడు. నేనే కోసిన. తప్పు నాది."

రాజారావు చెవి దగ్గరున్న ఫోన్ దించి, రోడ్డు వైపు చూశాడు. రోడ్డు మీద లారీలు తప్ప ఏమీ లేవు.

డ్రమ్ముల దగ్గర ముక్కుకు కట్టుకోవాల్సిన తువాలు, కుళాయి పక్కన గుంజకు వేలాడుతోంది, ఇంకా తడిగా.