గడ్డం కింద గడ్డం

లిఫ్టులు బాగుచేసే ఆ మెకానిక్‌కి నలభై దాటినా మొహం మాత్రం పదో తరగతి దగ్గరే ఆగిపోయింది. పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఏ భవనానికి వెళ్లినా, తలుపు తీసినవాళ్లు అతని వెనక్కి తొంగిచూసి, "పెద్దవాళ్లెవరూ రాలేదా బాబూ?" అని అడిగేవారు. వాళ్లని ఏమీ అనలేక ఆ కోపమంతా లిఫ్టు తలుపుల మీద చూపించేవాడు. చివరికి ఒకరోజు షేవింగ్ బ్రష్షుని అటక మీద పడేసి గడ్డం పెంచడం మొదలుపెట్టాడు.

మొదట్లో ఆ గడ్డం అతన్ని నానా తిప్పలూ పెట్టింది. ఒకటే దురద. ఎడమ బుగ్గ మీద గుబురుగా వస్తే కుడి బుగ్గ మీద అక్కడక్కడా మొలిచింది. వర్క్‌షాపులో తోటివాళ్లు ఒంట్లో బాగోలేదా అని పరామర్శించారు. మనవాడు మొండి ఘటం, వెనక్కి తగ్గలేదు. కొన్నాళ్లకి ఖాళీలు పూడుకుని, నల్లగా ఒత్తుగా గుప్పెడు గడ్డం దిగింది. మీసం పైపెదవిని దాటి కిందిపెదవి మీద వాలింది. ఇక దానికి చేసిన సేవలు ఇన్నీ అన్నీ కావు. స్నానం కాగానే తువ్వాలుతో తడి ఒత్తేవాడు. నాలుగు చుక్కల నూనె అరచేతుల్లో రుద్ది కుదుళ్లకి పట్టించి, చెక్క దువ్వెనతో మెల్లగా దువ్వేవాడు. పెళ్లినాడు తల కూడా అంత శ్రద్ధగా దువ్వుకుని ఉండడని నా అనుమానం.

ఉన్నమాట చెప్పుకోవాలి, గడ్డం అతనికి బ్రహ్మాండంగా నప్పింది. ఇప్పుడు తలుపు తీసినవాళ్లు "రండి సార్" అంటున్నారు. వర్క్‌షాపులో అతని మాటకి తిరుగులేదు. యజమాని పిలిచి సూపర్‌వైజర్‌ని కూడా చేశాడు. పనితనం ఎన్నో ఏళ్లుగా ఉన్నదే అయినా, అతను ఆ ఘనతంతా గడ్డానికే కట్టబెట్టాడు.

దాన్ని కత్తిరించి సరిచేసే బాధ్యత బావమరిదిది. భార్యకి స్వయానా తమ్ముడు, వీధి చివర సెలూన్ నడుపుతాడు. గడ్డం చెయ్యమంటే ఏ మంగలికైనా గీసెయ్యమనే అర్థం. మనవాడు దాన్ని ఒప్పుకోలేదు.

"చెయ్యడమంటే తియ్యడమేంట్రా? కూర చెయ్యమంటే కూర తీసి పారేస్తావా? నేను గడ్డం చెయ్యమంటే తీర్చిదిద్దమని. బుర్రలో పెట్టుకో."

"సరే బావా. నీ గడ్డం, నీ వ్యాకరణం."

బయట ఇంత వైభోగం వెలిగిపోతుంటే ఇంట్లో మాత్రం ఏదో తేడా కొట్టింది. అతని భార్య చాలా ఏళ్లు ఫ్యాక్టరీలో కుట్టి, ఇప్పుడు ఇంట్లోనే బట్టలు కుడుతుంది. రాత్రి భోజనాల దగ్గర ఆ ఇద్దరూ కంచాలు ఎండిపోయేదాకా కబుర్లు చెప్పుకునేవారు. అలాంటిది ఈమధ్య అతను ఒకటి అడిగితే ఆవిడ ఇంకోటి చెబుతోంది. "తువ్వాలు ఎక్కడుంది?" అంటే "రేపొస్తానంది" అంటుంది. పోనుపోను అదీ తగ్గి, తలూపి ఊరుకోవడం మొదలైంది. "ఆ గడ్డం చేసుకోరాదూ" అని మాత్రం ఒకట్రెండుసార్లు అంది.

"రోజూ చేసుకుంటూనే ఉన్నాగా!" అన్నాడు అతను, దువ్వెన చూపించి.

ఆవిడ అతని మొహంకేసి కాసేపు చూసి, తల వంచుకుని మిషను దగ్గరికి వెళ్లిపోయింది. తన దర్జా చూసి ఓర్వలేకపోతోందని అతను తేల్చేసుకున్నాడు. తేల్చుకున్నాడే గానీ మనసు మనసులో లేదు. ఆవిడ కబుర్లు లేని ఇల్లు అతనికి ఇల్లులాగే లేదు. ఎంత సూపర్‌వైజరైనా పెళ్లాం చేత మాట్లాడించలేకపోయాడు.

ఆ ఆదివారం పొద్దున అతను అద్దం ముందు నిలబడి, మీసాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, పెదవికి గుచ్చుకుంటున్న వెంట్రుకలు కత్తిరించుకుంటున్నాడు. వెనక ఆవిడ కుట్టుమిషను మోటారు గుర్రుమంటోంది. అద్దంలో ఆవిడా కనిపిస్తోంది. ఆ మోతలో ఎలాగూ వినపడదన్న ధైర్యంతో లోలోపలే గొణుక్కున్నాడు.

"దీనికి నా గడ్డమంటే కుళ్లు."

"నాకేం కుళ్లు?" అంది ఆవిడ.

అతను ఉలిక్కిపడ్డాడు. తన మాట తనకే వినపడలేదు. మీసం వదిలేసి, అద్దంలోకి చూస్తూ, ఈసారి గట్టిగానే "కుళ్లే!" అన్నాడు. జవాబు లేదు. మళ్లీ మీసం ఎత్తి, గొంతు పెగల్చకుండా, ఉత్త పెదాలతో "కుళ్లే" అన్నాడు.

"కాదంటుంటే!" అని, అన్నాక ఆవిడ నాలిక్కరుచుకుంది. మిషను ఆగిపోయింది.

అతను వచ్చి ఎదురుగా కూర్చున్నాడు, మీసం అలాగే ఎత్తిపట్టుకుని. "నీకు వినపడట్లేదా?"

"బట్టల ఫ్యాక్టరీలో అన్నేళ్లు ఆ మోతలో కూర్చున్నాను కదండీ. చెవులెప్పుడు మందగించాయో నాకే తెలీదు. మీ మాట నేను వినేదాన్ని కాదు, చూసేదాన్ని."

"చెప్పొచ్చు కదే!"

"చెబితే జాలిపడతారు. మీ జాలి నాకొద్దు. గడ్డం తీసెయ్యండని గట్టిగా అందామంటే, అది పెట్టుకుని మీరు అంత హుషారుగా తిరుగుతున్నారాయె."

"మీసం ఒక్కటీ కత్తిరిస్తే సరిపోదా?" అతని గొంతులో ఆశ దాగలేదు.

"పెదాలొక్కటేనా? అబద్ధమాడితే మీ ఎడమ బుగ్గ లోపలికి పోతుంది. కోపమొస్తే గడ్డం ముందుకొస్తుంది. అవన్నీ చూస్తేగానీ నాకు మాట పూర్తవ్వదు. నాకు మీ గడ్డం కనపడాలండీ."

"గుప్పెడు పెంచితే కనపడట్లేదా?"

"ఆ గడ్డం కాదు. దాని కిందున్న గడ్డం!"

అతనికి నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్లు తడిశాయి. ఇన్నాళ్లూ పక్కనే ఉండి గమనించనందుకు సిగ్గేసింది. "రేపు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం. జాలీ లేదు, ఏమీ లేదు. లిఫ్టుకైతే రిపేరు చెయ్యమా?" అన్నాడు. ఆవిడ సరేనంది.

అతను తిన్నగా సెలూన్‌కి వెళ్లి, "గడ్డం చెయ్యరా" అని కుర్చీలో వాలి కళ్లు మూసుకున్నాడు. బావమరిది మొహం మీద వేడి తువ్వాలు కప్పాడు. ఆ చీకట్లో అతనికి రేపటి వర్క్‌షాపు కనిపించింది. మళ్లీ బాబూ అంటారా? అననీ. లిఫ్టు పైకెక్కేది తన గడ్డం పట్టుకుని కాదుగా! ఆ మాట అనుకున్నాక ప్రాణం తేలికపడి కునుకు పట్టింది.

కళ్లు తెరిచేసరికి అద్దంలో మహారాజు కూర్చున్నాడు. అంచులు గీత గీసినట్టున్నాయి. అంత అందంగా ఆ గడ్డం ఎన్నడూ కుదరలేదు.

"ఇదేంట్రా!"

"చెయ్యమన్నావుగా బావా. నీ వ్యాకరణమే."

అతను అద్దంలోకి ఎంతసేపు చూశాడో చెబితే బాగుండదు. చివరికి గడ్డాన్ని ఒకసారి కిందిదాకా నిమిరి, "పాత వ్యాకరణంలో చెయ్యి" అన్నాడు.

"అక్కతో ఏమైనా గొడవా?"

"కాదురా. మాట్లాడాలి."

నున్నటి మొహంతో బయటికొస్తే, ఎదురింటి పెద్దాయన పోల్చుకోలేక "ఎవరింటికి బాబూ?" అన్నాడు. "మా ఇంటికేనండి" అని దర్జాగా చెప్పి నడిచాడు.

ఇంట్లో మిషను గుర్రుమంటూనే ఉంది. నీడ పడగానే ఆవిడ తలెత్తి, తెల్లబోయి చూసింది. అతను గడపలోనే నిలబడి, గొంతు పెగల్చకుండా, ఉత్త పెదాలతో అన్నాడు.

"నీ కబుర్ల ముందు ఆ గడ్డమెంతే, నా బంగారం!"

ఆవిడ మొహం ఎర్రబడింది. వీధివైపు కంగారుగా చూసింది.

"అబ్బ, మెల్లిగా అనండీ. పక్కింటివాళ్లు వింటారు!"